పాటలో 'డ్యూస్' అంటే ఏంటి? పైగా కిట్ అద్దం పొగబారింది, కాపాడండి

ట్రాయ్_శ్రీను
ఒక గోడు, ఒక ప్రశ్న.

మే నెలలో నాన్నగారు తణుకు నుంచి మా దగ్గరికి వచ్చారు (మిషిగన్, ట్రాయ్). నలభై ఏళ్లు కార్ల షెడ్డు నడిపిన మనిషికి ఇక్కడ పొద్దు పోవడం లేదు. ఆఫీసులో రిటైరవుతున్న ఒక పెద్దాయన బేస్‌మెంట్ ఖాళీ చేస్తూ నాకొక పాత డబ్బా ఇచ్చాడు. 1932 ఫోర్డ్ కూపే (రెండు తలుపుల కారు), ప్లాస్టిక్ కిట్, 1/25 స్కేలు. అప్పటినుంచి నాన్న, మా అబ్బాయి (పదకొండేళ్లు) డైనింగ్ టేబుల్ ఆక్రమించేశారు. మూడు వారాలుగా మిగతా వాళ్లం సోఫాలో కూర్చునే తింటున్నాం.

ఇంజన్ దాకా బ్రహ్మాండంగా వచ్చింది. మొన్న శనివారం ముందు అద్దం నేను అతికిస్తానని ఇంట్లో ఉన్న సూపర్ గ్లూ రాశాను. పొద్దున లేచి చూస్తే అద్దం అంచుల నుంచి మధ్య దాకా తెల్లగా పొగ పట్టేసింది. తుడిస్తే పోదు, కడిగితే పోదు. అబ్బాయి రెండు రోజులుగా నాతో ముభావంగా ఉన్నాడు.

ఇక ప్రశ్న. కిట్ ముందు కూర్చున్నప్పుడల్లా వాడు అమెరికన్ బ్యాండు బీచ్ బాయ్స్ పాడిన 'లిటిల్ డ్యూస్ కూపే' పెడతాడు. నాన్న "ఏమంటున్నాడ్రా ఆ పాటలో? కారు గురించని తెలుస్తోంది, ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంటారు. డ్యూస్, ఫ్లాట్‌హెడ్, లేక్ పైప్స్, పింక్ స్లిప్... ఇంగ్లీషు వచ్చిన నాకే అర్థం కాలేదు. ఎవరైనా విడమరిచి చెబితే నాన్నకు తెలుగులో చెప్పుకుంటాను.

స్ప్రూ_సుబ్బు
అద్దం సంగతి నేను చూస్తాను, పాట సంగతి బాలు గారు చూస్తారు.

సూపర్ గ్లూ ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. అది అద్దం మీద, ముఖ్యంగా వేలిముద్రలు పడిన చోట, తెల్లటి పొరలా పేరుకుంటుంది. పైపైన ఉంటే మెత్తటి గుడ్డ మీద కాస్త టూత్‌పేస్ట్ వేసి నెమ్మదిగా రుద్దండి. తర్వాత నేలకు మెరుపు కోసం వేసే పారదర్శక ఆక్రిలిక్ పాలిష్‌లో ముంచి తీసి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఒక రోజు వదిలేయండి. చాలావరకు తేటపడుతుంది.

పోకపోయినా బెంగపడొద్దు. 1932 ఫోర్డ్ ముందు అద్దం చదునుగా ఉంటుంది, వంపు లేదు. బొమ్మలు, బ్యాటరీలు ప్యాక్ చేసి వచ్చే పారదర్శక ప్లాస్టిక్ ఉంటుంది కదా, పాత అద్దాన్ని కొలతకు పెట్టి అందులోంచి కొత్తది కత్తిరించుకోవచ్చు. ఈసారి తెల్ల జిగురుతోనే అతికించండి. మన ఫెవికాల్ లాంటిది. ఆరితే కనపడదు.

గుంటూరు_గ్యారేజ్
ఫెవికాల్‌తో ఫోర్డు అద్దం. మా తాత వింటే గర్వపడేవాడు.

బ్లాక్‌టాప్_బాలు
నేను ఉండేది కాలిఫోర్నియాలో, టోరెన్స్‌లో. బీచ్ బాయ్స్‌లోని విల్సన్ అన్నదమ్ములు పెరిగిన హాథార్న్ ఇక్కడికి పక్కనే. ఈ పాటలంటే నాకు ప్రాణం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, శ్రీను గారూ.

డ్యూస్ అంటే రెండు. 1932లో చివరి అంకె. ఆ ఏడాది ఫోర్డు కారును హాట్ రాడ్ కుర్రాళ్లు, అంటే పాత కార్లను వేగం కోసం మార్చుకునేవాళ్లు, ముద్దుగా అలా పిలిచేవారు. ఆ కారుకు అంత పేరెందుకంటే, 1932 మార్చి ఆఖర్లో హెన్రీ ఫోర్డ్ అందులో వీ8 ఇంజన్ పెట్టి, ధర 500 డాలర్ల లోపు నుంచే మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్లంటే డబ్బున్నవాళ్ల బళ్లు. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే 3.6 లీటర్లు, 65 గుర్రాల బలం.

ఫ్లాట్‌హెడ్ అంటే ఆ ఇంజనే. వాల్వులు హెడ్‌లో కాకుండా కింద బ్లాక్‌లో, సిలిండర్ పక్కన ఉంటాయి. పైన హెడ్ చదునైన మూత మాత్రమే. పాటలో 'మిల్' అన్నా ఇంజనే.

లేక్ పైప్స్: లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మురాక్, ఎల్ మిరాజ్ అని ఎండిపోయిన చెరువు మైదానాలున్నాయి. యుద్ధానికి ముందు నుంచే కుర్రాళ్లు అక్కడ కార్ల వేగం తేల్చుకునేవారు. బండి పక్కన కింది అంచు వెంట సాగే పొగగొట్టాలకు మూతలుంటాయి. ఊళ్లో మూత బిగించి తిరగడం, చెరువు మీదికి వెళ్లాక మూత విప్పి సైలెన్సర్ లేకుండా గర్జించడం. అందుకే వాటికి లేక్ పైప్స్ అని పేరు.

పింక్ స్లిప్: అప్పట్లో కాలిఫోర్నియాలో కారు యాజమాన్య పత్రం గులాబీ రంగులో ఉండేది. పింక్ స్లిప్ నా దగ్గరుందంటే కారు నాదే, బాకీ లేదు అని. పందెంలో దాన్నే ఒడ్డేవాళ్లూ ఉన్నారు. ఓడితే తాళాలు, కాగితం రెండూ ఇచ్చి నడుచుకుంటూ ఇంటికెళ్లడమే.

నిజాం_నట్టు
ఆర్‌సీ బుక్కు పందెం కాసినట్టు అన్నమాట.

బ్లాక్‌టాప్_బాలు
సరిగ్గా అదే. శ్రీను గారూ, నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, చాలు.

ట్రాయ్_శ్రీను
బాలు గారూ, సుబ్బు గారూ, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

మీరు రాసిందంతా నాన్నకు చదివి వినిపించాను. ఫ్లాట్‌హెడ్ దగ్గరికి రాగానే "ఓస్, సైడ్ వాల్వ్ ఇంజనా! అది తెలియకపోవడమేంట్రా" అన్నారు. ఆయన పన్నెండేళ్లప్పుడు షెడ్డులో పానాలు అందించే పనికి చేరారు. అప్పుడు ల్యాండ్‌మాస్టర్లు, మిలటరీ డిస్పోజల్ జీపులు వచ్చేవట, అన్నీ సైడ్ వాల్వులే. వాల్వులు సీట్లలో సరిగ్గా కూర్చునేలా రుద్దడం ఆయన నేర్చుకున్న మొదటి పని. కిట్‌లోని హెడ్ ముక్క, నా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, వేలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి "గ్యాస్కెట్ మారిస్తే పని అయిపోయే ఇంజన్ ఇది" అన్నారు. మా వాడు కళ్లు ఆర్పకుండా విన్నాడు.

కాకినాడ_కార్బ్యురేటర్
మీ నాన్నగారికి నా నమస్కారాలు. మొట్టమొదటి అంబాసిడర్లలోనూ సైడ్ వాల్వ్ ఇంజనే ఉండేది. 1959లో ఓవర్‌హెడ్ వాల్వ్ 1489 సీసీ ఇంజన్ వచ్చింది. ఆ రెండూ విప్పిన చేతులు ఇప్పుడు ఎన్నో లేవు.

కానీ నాకొక బాధ ఉంది, చెప్పనివ్వండి. ఈ హాట్ రాడ్ పాటలు నాకు ఎక్కవు. 1932 నాటి కారును తీసుకుని పైకప్పు కోసి కిందికి దించడం, మడ్‌గార్డులు పీకేయడం, ఇంజన్ తీసి ఇంకోటి బిగించడం... దాన్ని ప్రేమ అంటారా? మా ఇంట్లో 1965 మార్క్ టూ అంబాసిడర్ ఉంది. నాన్న కొన్నది. డీజిల్ ఎక్కించమని ఊరంతా చెప్పారు. ఎక్కించలేదు. దాని డోర్ హ్యాండిల్ కూడా మార్చలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటమే గౌరవమని నేననుకుంటాను.

మౌనిక_మోపార్
కార్బ్యురేటర్ గారూ, మీ అంబాసిడర్‌కు దండం పెడతాను. కానీ మీ మాటతో ఒప్పుకోను. 1946లో ఆ ఫోర్డు 'క్లాసిక్' కాదు. పద్నాలుగేళ్ల పాత బండి, అంతే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి కొత్త కారు కొనే డబ్బు లేదు. మిలటరీలో ఇంజన్లు విప్పడం నేర్చుకున్నాడు. చవకగా దొరికిన పాత డ్యూస్, తుక్కు దుకాణంలో దొరికిన పెద్ద ఇంజన్. బరువు తగ్గాలని మడ్‌గార్డులు తీశాడు, గాలి తక్కువ తగలాలని కప్పు దించాడు. అందం కోసం మొదలుపెట్టిన పని కాదది. వాళ్లు అలా చేయకపోతే ఆ బళ్లలో సగం తుక్కు కింద కరిగిపోయేవి.

కాకినాడ_కార్బ్యురేటర్
1946లో సరే. ఇప్పుడు చేసేవాళ్ల సంగతేంటి? ఇంకా ఒరిజినల్‌గా మిగిలిన కారును కోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మౌనిక_మోపార్
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఇప్పుడు చాలామంది కొత్తగా తయారుచేసిన స్టీలు బాడీలు, ఫైబర్‌గ్లాస్ బాడీలు కొని హాట్ రాడ్ కడుతున్నారు. పాతదాన్ని ముట్టుకోనక్కర్లేదు.

గుంటూరు_గ్యారేజ్
కిట్ కడితే ఇంకా మంచిది. కోసినా ఎవరికీ బాధ లేదు, ఇంకో డబ్బా కొనుక్కోవచ్చు.

వైజాగ్_వింటేజ్
చర్చ ఇటు తిరిగింది కాబట్టి మన దేశం సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి. 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అప్పుడే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. మొదటిసారి రుసుము 20,000, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లొచ్చు, రోజూ ఆఫీసుకు తిప్పడానికి కాదు. కార్బ్యురేటర్ గారి అంబాసిడర్ దీనికి అచ్చంగా సరిపోతుంది. డీజిల్ ఎక్కించి ఉంటే ఇబ్బందయ్యేది.

ఇక ఇక్కడ రోడ్డు మీద తిరిగే బండిని హాట్ రాడ్‌గా మార్చుకుంటానంటే కుదరదు. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ట్రాయ్_శ్రీను
డీజిల్ మాట చదివి నాన్న నవ్వారు. ఆయన చేతి మీదుగా పెట్రోల్ అంబాసిడర్లు డజన్ల కొద్దీ డీజిల్ అయ్యాయట. "ట్యాక్సీ తిప్పుకునేవాడికి పిల్లల ఫీజు కట్టాలంటే ఏ ఇంజన్ కావాలో అదే పెట్టాను. కాకినాడ ఆయన బండి ఆయన కాపాడుకున్నాడు, చాలా సంతోషం. ఇద్దరిదీ తప్పు కాదు" అన్నారు. ఇంజన్ పట్టడానికి క్రాస్ మెంబర్ కోసి, మళ్లీ వెల్డింగ్ పెట్టి, గేర్ లింకేజీ కుదిర్చి... హాట్ రాడ్ వాళ్లు చేసింది అదే పని కదా అనిపించింది నాకు. వాళ్లు వేగం కోసం, మన వాళ్లు మైలేజీ కోసం.

కాకినాడ_కార్బ్యురేటర్
పెద్దాయన అంత మాటన్నాక నేను వాదించను. మా మార్క్ టూ ట్యాపెట్లు ఒకసారి ఆయన చేత సర్దించుకోవాలని ఉంది. తణుకు తిరిగొచ్చాక చెప్పండి, నేనే బండి వేసుకుని వస్తాను.

బ్లాక్‌టాప్_బాలు
ఇంకో విషయం. శ్రీను గారూ, ఇదంతా కాలిఫోర్నియా వ్యవహారమని మీరు అనుకుంటున్నట్టున్నారు. మీ ఇంటి చుట్టూనే ఉంది.

ఏఎంటీ అనే కిట్ కంపెనీ పేరు వినే ఉంటారు. అది మీ ట్రాయ్‌లోనే ఉండేది, మేపుల్ రోడ్డు మీద. మొదట్లో వాళ్లు డీలర్ల కోసం కొత్త మోడల్ కార్ల బొమ్మలు చేసేవారు, షోరూంలో ఇవ్వడానికి. 1958లో వాటినే విడి భాగాలుగా డబ్బాలో పెట్టి 'త్రీ ఇన్ వన్' కిట్లుగా అమ్మారు. ఒకే డబ్బాతో కారును ఫ్యాక్టరీలో వచ్చినట్టు కట్టొచ్చు, కస్టమ్‌గా కట్టొచ్చు, పందెం బండిగా కట్టొచ్చు. ధర ఒకటిన్నర డాలరుకు అటూ ఇటూ. పేపర్లు వేసే కుర్రాడి జేబులో పట్టే డబ్బు.

ఇక 1963 అక్టోబరులో వచ్చిన బీచ్ బాయ్స్ ఆల్బమ్ అట్ట మీద నీలిరంగు డ్యూస్ కూపే ఉంటుంది చూడండి. ఆ కారు మిషిగన్ కుర్రాడిది. క్లారెన్స్ కాటల్లో, అందరూ చిలీ అనేవారు. పదిహేనేళ్లప్పుడు 75 డాలర్లకు కొన్నాడు. డెట్రాయిట్‌లో కార్లను మార్చి కట్టే అలెగ్జాండర్ బ్రదర్స్ దగ్గర కొంత పని చేయించి, తర్వాత కాలిఫోర్నియా వెళ్లి అదే పని చేసే జార్జ్ బారిస్ షాపులో కప్పు దింపించాడు. హాట్ రాడ్ పత్రికకు తీసిన ఫొటోనే ఆల్బమ్‌కు వాడారు. కారు పక్కన నిలబడ్డ చిలీ తల అట్టలో పట్టక తెగిపోయింది. కారు మాత్రం మొత్తం ఉంది.

నిజాం_నట్టు
ఓనరు తల కోసినా పర్లేదు, కారు కోయకూడదు. ఫొటోగ్రాఫర్‌కు ఏది ముఖ్యమో తెలుసు.

ట్రాయ్_శ్రీను
మేపుల్ రోడ్డు మీద నేను రోజూ ఆఫీసుకు వెళ్తాను. పదకొండేళ్లుగా! మా వాడికి చెప్తే "మన రోడ్డా?" అని మూడుసార్లు అడిగాడు. నాతో మళ్లీ మాట్లాడుతున్నాడు, అదీ శుభవార్త.

మౌనిక_మోపార్
పాటల్లో నాకు ఇష్టమైనది 'షట్ డౌన్'. బాధ కూడా దానితోనే. 413 ఇంజన్ డాడ్జ్‌కు, ఫ్యూయల్ ఇంజెక్షన్ స్టింగ్ రే కార్వెట్‌కు పందెం. మా డాడ్జ్ ఓడిపోతుంది. అరవై ఏళ్లు దాటింది, నేనింకా ఒప్పుకోలేదు.

బ్లాక్‌టాప్_బాలు
పాట రాసినవాడు కార్వెట్ సీట్లో కూర్చుని రాశాడు మౌనికా, ఏం చేస్తాం.

గమనించారా, '409', 'షట్ డౌన్', 'లిటిల్ డ్యూస్ కూపే' మూడూ సింగిల్ రికార్డులకు వెనకవైపు పాటలుగానే వచ్చాయి. ముందువైపు 'సర్ఫిన్ సఫారీ', 'సర్ఫిన్ యూఎస్ఏ', 'సర్ఫర్ గర్ల్'. ముందువైపంతా సముద్రమే. కానీ సముద్రం లేని ఊళ్లలో కుర్రాళ్లకు అలలు ఎక్కడివి? కారు ప్రతి ఊళ్లోనూ ఉంది. రికార్డు తిరగేసి వెనకవైపు విన్నారు. కార్ల పాటలు నిలబడ్డాయంటే అందుకేనని నా గట్టి నమ్మకం.

ఈ పాటల్లో మాటలు అంత కచ్చితంగా ఉండటానికీ కారణముంది. 'డ్యూస్ కూపే'కు, 'షట్ డౌన్'కు సాహిత్యంలో చేయి వేసిన రోజర్ క్రిస్టియన్ లాస్ ఏంజెలెస్ రేడియోలో డీజే, కార్లంటే పిచ్చి. '409' మాటలు రాసిన గ్యారీ అషర్‌దీ అదే తీరు. 409 అంటే షెవర్లే ఇంజన్ క్యూబిక్ అంగుళాలు, 6.7 లీటర్లు. 1962లో రెండు నాలుగు-గొంతుల కార్బ్యురేటర్లతో దాని బలం కూడా సరిగ్గా 409 గుర్రాలే. పాటలో వినిపించే ఇంజన్ మోత నిజమైన కారుదే, వీధిలో నడిపి రికార్డు చేసింది.

గుంటూరు_గ్యారేజ్
'డ్యూస్ కూపే'లో గంటకు 140 మైళ్లంటాడు. 65 గుర్రాల సైడ్ వాల్వ్ ఇంజన్‌తో? నేను నమ్మను.

స్ప్రూ_సుబ్బు
పాటలోనే జవాబుంది కదా. దారులు వెడల్పు చేశాం, బ్లాక్ అరగదీశాం, స్ట్రోక్ పెంచాం, బోర్ పెంచాం అని వరసగా చెప్తాడు. ఇన్ని చేశాక అది ఫ్యాక్టరీ ఇచ్చిన 65 గుర్రాల ఇంజన్ కాదు.

మౌనిక_మోపార్
1950లో బోన్‌విల్ ఉప్పు మైదానం మీద ఫ్లాట్‌హెడ్ ఇంజన్‌తోనే సో-కాల్ స్ట్రీమ్‌లైనర్ 200 మైళ్లు దాటింది. అది గాలి తగలకుండా ఒళ్లంతా నున్నగా చేసిన పందెం బండి అనుకోండి. కాబట్టి ఇంజన్‌కు చేవ ఉంది, వీధిలో తిరిగే కూపేకు 140 మాత్రం కుర్రాడి గొప్పే.

గుంటూరు_గ్యారేజ్
సగం ఒప్పుకున్నారు, చాలు.

బ్లాక్‌టాప్_బాలు
వేగం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. జాన్ బెర్రీ, డీన్ టోరెన్స్ అనే జోడీ, జాన్ అండ్ డీన్ పేరుతో పాడిన 'డెడ్ మ్యాన్స్ కర్వ్' 1964లో వచ్చింది. కార్వెట్‌కూ జాగ్వార్‌కూ రాత్రిపూట వీధి పందెం, చివరికి ఆ మలుపులో ప్రమాదం. రెండేళ్ల తర్వాత 1966 ఏప్రిల్ 12న జాన్ బెర్రీ బెవర్లీ హిల్స్‌లో తన కార్వెట్‌ను ఆగి ఉన్న ట్రక్కుకు గుద్దాడు. మెదడుకు దెబ్బ. నడక, మాట మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి అతని వయసు పాతికేళ్లు. ఆ ప్రమాదం జరిగిన విట్టియర్ డ్రైవ్ మీదుగా వెళ్లినప్పుడల్లా నేను ఆ పాట పెట్టను. ఊరికే వెళ్లిపోతాను.

వైజాగ్_వింటేజ్
పందేలను వీధుల నుంచి తప్పించి ట్రాక్ మీదికి తేవాలనే కదా వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే హాట్ రాడ్ సంఘం పెట్టింది. శ్రీను గారూ, అబ్బాయికి పాటతోపాటు ఇదీ చెప్పండి.

ట్రాయ్_శ్రీను
చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన మళ్లీ పాడాడా?" అని అడిగాడు. పాడాడని చెప్పాను. బాలు గారూ, సరైనదే చెప్పానా?

బ్లాక్‌టాప్_బాలు
సరిగ్గా చెప్పారు. ఏళ్లు పట్టింది, కానీ మళ్లీ స్టేజీ ఎక్కాడు.

ట్రాయ్_శ్రీను
కిట్ సంగతి: అద్దం రుద్దితే పోలేదు. టూత్‌బ్రష్ ప్యాకెట్ ప్లాస్టిక్ కోసి కొత్తది పెట్టాం. తెల్ల జిగురు పుల్ల చివరతో రాసింది నాన్నే. నిజంగా కనపడట్లేదు!

ఇప్పుడు రంగు. ఆల్బమ్ అట్ట నీలమే కావాలంటాడు. ఇక్కడ రెండు రోజులుగా ఉక్క, వాన. గరాజ్‌లో స్ప్రే కొట్టొచ్చా?

స్ప్రూ_సుబ్బు
వద్దు! గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే రంగు పాలిపోయి తెల్లమచ్చలు వస్తాయి. హైదరాబాద్‌లో జూలైలో ఆత్రంగా కొట్టి ఒక ఎర్ర బాడీ మొత్తం పాడుచేసుకున్నాను. పొడి రోజు కోసం ఆగండి.

ఈలోపు బాడీని గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి తీసేటప్పటి జిడ్డు ఉంటే రంగు పట్టదు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది, సన్న ఇసుక కాగితంతో తీసేయండి. ముందు ప్రైమర్. రంగు డబ్బాను అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి, స్ప్రే సన్నగా వస్తుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు. ఒకేసారి దట్టంగా కాకుండా పలచగా మూడు నాలుగు సార్లు కొట్టండి.

క్రోమ్ ముక్కలు జాగ్రత్త. ఒకసారి విదేశం నుంచి తెప్పించుకున్న కిట్ డబ్బా ఒక మూల చిరిగి వచ్చింది. బంపర్లున్న క్రోమ్ స్ప్రూ (ముక్కలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రం) మొత్తం దారిలో ఎక్కడో జారిపోయింది. ఎవరికి రాసినా జవాబు లేదు. చివరికి బంపర్లు నేనే చెక్కుకుని వంటింటి రేకు కాగితం అంటించాను. ఇప్పటికీ నా అలమారలో అందరూ మొదట చూసేది ఆ బండినే.

ట్రాయ్_శ్రీను
ఆగుతాం. ఇంకోటి, ఇది నాన్న అడగమన్నారు, మాట మార్చకుండా రాస్తున్నాను: "ఇంజన్ చేశారు, డిస్ట్రిబ్యూటర్ పెట్టారు, ప్లగ్గు వైర్లు ఏవి?"

కిట్‌లో లేవు. డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు పెట్టడం, రెండు వాటర్ పంపులు ఉండటం చూసి ముందే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు వైర్లు తనే వేస్తారట. పాత ఫోన్ ఛార్జర్ కేబుల్ కోసి లోపలి రాగి పోగులు తీసి పెట్టుకున్నారు. కానీ ఫైరింగ్ ఆర్డర్ (ఏ సిలిండర్ తర్వాత ఏది మండాలనే వరస) తెలియకుండా ఒక్క వైరు కూడా కలపనంటున్నారు. నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌కు 1-3-4-2 అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు, వీ8 ఎప్పుడూ విప్పలేదు. నేను "బొమ్మే కదా నాన్నా" అన్నాను. "బొమ్మయినా స్టార్టవ్వాలి" అన్నారు.

కాకినాడ_కార్బ్యురేటర్
ఈ మాట చదివి నాకు కళ్లు చెమర్చాయి. మెకానిక్ అంటే ఆయన.

మౌనిక_మోపార్
నేను చెప్తాను. ఫ్లాట్‌హెడ్ ఫోర్డ్ వీ8: 1-5-4-8-6-3-7-2.

డ్రైవర్ సీట్లో కూర్చుంటే కుడివైపు వరసలో ముందునుంచి వెనక్కి 1, 2, 3, 4. ఎడమవైపు వరసలో ముందునుంచి 5, 6, 7, 8. అమెరికా బండి కాబట్టి డ్రైవర్ ఎడమవైపు ఉంటాడు, నాన్నగారు తికమక పడకుండా చెప్పండి.

స్ప్రూ_సుబ్బు
అసలు ప్లగ్గు వైరు మందం 7 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే 0.28. ఒక్క రాగి పోగు మరీ సన్నం, రెండు మూడు కలిపి మెలిపెట్టండి. డిస్ట్రిబ్యూటర్‌కు సూదిని చేత్తోనే తిప్పుతూ రంధ్రాలు పెట్టండి, వేడిచేస్తే కరుగుతుంది.

నిజాం_నట్టు
నాలుగు రోజులైంది. పెద్దాయన వైర్లు ఎంతవరకు వచ్చాయో ఎవరైనా అడగండి, నాకు టెన్షన్‌గా ఉంది.

ట్రాయ్_శ్రీను
అయిదు వైర్లు అయ్యాయి. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు, అయినా పొద్దుటి వెలుతురులో గంటసేపు కిటికీ దగ్గర కూర్చుని పని చేస్తున్నారు. మనవడు కనుబొమ్మల పట్టకారుతో వైరు పట్టుకుంటాడు, ఆయన చివర జిగురు చుక్క పెడతారు. నంబరు పైకి చెప్పాకే తర్వాతది. "నాలుగు అయింది, ఇప్పుడు?" "ఎనిమిది తాతయ్యా." నేను పక్క గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉండి ఇదే వింటున్నాను.

రంగు ఆదివారం కొట్టాం, పొడిగా ఉంది. మచ్చ లేదు. సుబ్బు గారికి మా వాడి తరఫున ప్రత్యేకంగా థాంక్స్.

వైజాగ్_వింటేజ్
ఆగస్టు మూడో శనివారం మీ దగ్గర వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉంటుంది కదా. 1995 నుంచి జరుగుతోంది, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డు నిండా పాత కార్లే. నాన్నగారిని తీసుకెళ్లండి. మడత కుర్చీ, గొడుగు, నీళ్లు మర్చిపోవద్దు.

ట్రాయ్_శ్రీను
వెళ్లి వచ్చాం. రాత్రి పదకొండు, అందరూ పడుకున్నాక రాస్తున్నాను.

పొద్దున ఏడింటికే వెళ్లి రాయల్ ఓక్ దగ్గర రోడ్డు పక్కన కుర్చీలు వేసుకున్నాం. జీటీవోలు, మస్టాంగులు, తోకలున్న క్యాడిలాక్‌లు వరసగా పోతున్నాయి. పదింటికి ఒక పెట్రోల్ బంకు ఆవరణలో డ్యూస్ కూపే ఆగి ఉండటం మా వాడు చూశాడు. నల్లది, మడ్‌గార్డులు లేవు. బానెట్ పక్క రేకులు తీసేసి ఉన్నాయి, లోపల ఫ్లాట్‌హెడ్. ఓనరు డెబ్బై దాటిన తెల్లాయన. మా వాడు అట్టపెట్టెలోంచి మన నీలం కూపే తీసి ఆయనకు చూపించాడు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, ఇంజన్ దగ్గరగా పెట్టుకుని వైర్లు లెక్కపెట్టాడు. తర్వాత నాన్న వైపు చూసి మీరు చేశారా అన్నట్టు సైగ చేశాడు.

నాన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ముందుకెళ్లి, అసలు ఇంజన్ మీద వేలు ఆనించకుండా ఒక్కో ప్లగ్గు వైరు చూపిస్తూ "వన్, ఫైవ్, ఫోర్, ఎయిట్" అన్నారు. ఆ పెద్దాయన అందుకుని "సిక్స్, త్రీ, సెవెన్, టూ" అన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఊపుకున్నారు. ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి, లేక్ పైపుల మూతలు విప్పి వినిపించాడు. నాన్న చెవి దగ్గర పెట్టి విని "ఒక ప్లగ్గు మిస్ కొడుతోంది" అన్నారు. నేను అనువదించాను. నిజమేనట, మూడోది. వారం నుంచి చూద్దామనుకుంటున్నాడట.

మౌనిక_మోపార్
మూడో ప్లగ్గు! చెవితో!

కాకినాడ_కార్బ్యురేటర్
నవంబరులో తణుకు. రాసి పెట్టుకున్నాను.

గుంటూరు_గ్యారేజ్
తర్వాత ఏ కిట్టు?

ట్రాయ్_శ్రీను
మా వాడు 1962 షెవర్లే అంటున్నాడు, 409 ఇంజన్‌తో. నాన్న దాని ఫైరింగ్ ఆర్డర్ ముందే అడిగి పెట్టుకోమన్నారు.